పావడా వెంట పీపా

నా పేరు మొదెస్తా. అణకువ గల మనిషి అని అర్థం. పుట్టినప్పుడు నా మొహం చూసి తొందరపడి పెట్టేశారు పాపం, ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే వేరే పేరు వెతుక్కునేవాళ్ళు. మా చెరకుతోటల దీవిలో ఈ లొయిసా ఊరంతా వెతికినా నా నోటికి జడవని మనిషి ఒక్కడే, నా మొగుడు ఎవారిస్తో. అది ధైర్యమని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. ధైర్యం కాదు, వినపడక అని ఈ ఏడు ఈస్టర్ వెళ్ళాక గానీ నాకు తెలియలేదు.

బియ్యం అయిపోయాయంటే మేక బాగానే ఉందనేవాడు. చర్చిలో అందరూ కూర్చున్నాక తను లేచి నిలబడేవాడు. వయసు మీద పడుతోంది, బుర్ర ఎటో తిరుగుతోందిలే అనుకున్నాను. ఒకనాడు వెనకనుంచి వెళ్ళి చెవి పక్కనే మూకుడు నేలకేసి కొట్టాను. ఉలిక్కిపడి పాదాల వంక చూసుకున్నాడు తప్ప తల తిప్పలేదు. అప్పుడర్థమైంది.

ఊళ్ళో ఇంకెవరూ కనిపెట్టలేకపోవడానికి కారణం బొంబా. మా ఆట అలాంటిది మరి. పాత రమ్ము పీపాలకు మేకతోలు బిగించి వరసగా పెడతాం. వాటిలో లావుగా మోగేవి నడక పీపాలు. వాటి పని ఒకటే మోత, ఆపకుండా, తప్పకుండా. పక్కన ఇంకొంచెం చిన్నది, గట్టిగా బిగించినది ఉంటుంది, అది జవాబు పీపా. ఆడదలచుకున్నవాళ్ళు వచ్చి ఆ జవాబు పీపాకు వంగి దండం పెట్టి మొదలుపెట్టాలి. అక్కడినుంచి పెత్తనమంతా ఆడేవాళ్ళదే. పావడా విసిరితే ఆ విసురు, భుజం ఎగరేస్తే ఆ ఎగురు, మడమ దించితే ఆ దెబ్బ అప్పటికప్పుడు పీపా మీద పలకాలి. వాయించేవాడి సొంత తెలివితేటలు అక్కడ చెల్లవు. బయటివాళ్ళు చూసి, డోలుకు తగ్గట్టు మేం ఆడుతున్నామనుకుంటారు. ఆ మాట నా ఎదుట అన్నవాడికి ఆ పూట మా ఇంట్లో భోజనం ఉండదు.

కాబట్టి జవాబు పీపా ముందు కూర్చున్నవాడికి కావలసింది కళ్ళు. నడక పీపాల లావు మోత ఎలాగూ పీట లోంచీ తొడల్లోంచీ ఎక్కి వస్తుంది. ఎవారిస్తో వాళ్ళ మేనమామ పోయిన దగ్గరినుంచీ ఆ పీట మీదే ఉన్నాడు. నా పెళ్ళి కూడా ఆ పీట దగ్గరే కుదిరింది. పడుచుతనంలో నేనొక టక్కరి పని చేసేదాన్ని. పావడా అంచు ఎత్తి, విసరబోతున్నట్టు ఊరించి, విసరకుండా ఊరుకునేదాన్ని. ఎంతటి మొనగాడైనా గభాలున పీపా మీద ఒక దెబ్బ వేసి నవ్వులపాలయ్యేవాడు. ఎవారిస్తో చెయ్యి మాత్రం గాల్లోనే ఆగిపోయింది. నా వేషాలు కనిపెట్టేవాడు దొరికాడని చేసుకున్నాను. చేసుకున్నాక ఆయన నన్ను ఇంట్లో ఒక్కసారీ సరిగ్గా కనిపెట్టలేదు, అది వేరే సంగతి.

జూలైలో సంతియాగో పండగ దగ్గర పడుతుండగా యారిత్సా వచ్చింది. ఆ పిల్ల వాళ్ళ అమ్మమ్మది మా వీధే. పిల్ల మాత్రం న్యూయార్కులో, బ్రాంక్సులో పుట్టి పెరిగింది. సాక్సఫోన్ ఊదుతుంది, సొంతంగా ఒక జాజ్ బృందాన్ని నడుపుతుంది. వచ్చీ రాగానే మా ఇంట్లో పీతల అన్నం రెండోసారి వడ్డించుకుని, ఎవారిస్తో ఎదురుగా కూర్చుంది. పక్కనే గెనారో ఉన్నాడు. గెనారో మా అబ్బాయికి జ్ఞానస్నానం తండ్రి, నడక పీపా వాయిస్తాడు, జవాబు పీపా మీద ఎప్పటినుంచో కన్నేసి ఉంచాడు.

"తాతా, మీ పీపాలూ మా జాజూ కలిపి ఒక పాట కట్టాను. పండగరోజు చర్చి ముందు మైదానంలో వాయిస్తాం. మధ్యలో అందరూ తగ్గిపోతారు, నువ్వూ నేనే ఉంటాం. నేను ఊదితే నువ్వు జవాబివ్వాలి. ఆడే మనిషి బదులు నా సాక్సఫోనే ఆడుతోందనుకో" అంది.

ఆ పిల్ల ఎదురుగా కూర్చుని, నోరంతా తెరిచి మాట్లాడే రకం. పెదవులు చూసి ఎవారిస్తోకు అంతా అర్థమైంది. ఎలా తప్పించుకుంటాడా అని నేను చూస్తున్నాను. తప్పించుకునేవాడే, గెనారో నోరు మూసుకుని ఉంటే.

"మా బావనెందుకు కష్టపెడతావమ్మా! పెద్దాడైపోయాడు. ఈ కొత్త రకాలు ఆయనకి పట్టుబడవు. నేను కూచుంటాలే ఆ పీట మీద" అన్నాడు గెనారో.

గెనారో గొంతు ఇసుక లారీ గొంతు. అది చచ్చినవాడికి కూడా వినపడుతుంది.

"నీ పీట నడక పీపా దగ్గరుంది. అక్కడే కూచో" అన్నాడు ఎవారిస్తో. పిల్ల వైపు తిరిగి, "రేపే మొదలెడదాం" అన్నాడు.

నేను కళ్ళెర్రజేసి చూశాను. ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు. నా మాట వద్దనుకుంటే చెవులు మూసుకోనక్కర్లేదు, మొహం తిప్పుకుంటే చాలునని ఆయన ఎప్పుడో నేర్చుకున్నాడు.

మర్నాడు మా రేకుల షెడ్డులో సాధన. పియానో వాయించే క్లైడ్ షికాగో మనిషి, పొడుగ్గా, నల్లగా, నెత్తిన చిన్న టోపీతో ఉంటాడు. మా భాషలో ఆయనకు వచ్చిన మాటలు తిండికి సంబంధించినవే. ఇంకా ఒక బాస్ కుర్రాడు, తాళాలూ డ్రమ్ములూ వాయించే మరొకడు. గెనారో, ఇంకో ఇద్దరు మావాళ్ళు నడక పీపాల దగ్గర. మోత మొదలయ్యేసరికి షెడ్డు రేకులు కూడా తాళం వేశాయి. పియానో వచ్చి ఆ నడకలో ఎంచక్కా ఇమిడిపోయింది. బాగుందే అనుకున్నాను. అప్పుడు ఆ పిల్ల సాక్సఫోన్ ఎత్తింది.

ఎత్తి, కళ్ళు మూసుకుంది. దీపస్తంభంలా నిటారుగా నిలబడింది. మెడ కదలదు, నడుం కదలదు. వేళ్ళు మాత్రం చకచకా పరిగెడుతున్నాయి. ఎవారిస్తో ఆ వేళ్ళనే గుడ్లప్పగించి చూస్తున్నాడు. వేళ్ళను చూస్తే ఏం తెలుస్తుంది? వేళ్ళు పది పనులు చేస్తాయి, ఊపిరి ఒకచోట ఆగుతుంది. ఆ పిల్ల అడిగినప్పుడు ఈయన మౌనం, ఆ పిల్ల ఆగినప్పుడు ఈయన దంచుడు.

పాట అయ్యాక క్లైడ్ పియానో దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి ఎవారిస్తో రెండు చేతులూ పట్టుకుని ఏదేదో చెప్పాడు. యారిత్సా మొహం ఒక మాదిరిగా పెట్టి మాకు చెప్పింది.

"తాత మహానుభావుడంట. మనం వాయించే చోట ఆగుతున్నాడంట, మనం ఆగిన చోట వాయిస్తున్నాడంట. ఇంత తెగువ షికాగోలోనే చూళ్ళేదంటున్నాడు."

"తెగువ కాదమ్మా, తెగులు" అన్నాడు గెనారో.

బాస్ కుర్రాడు కూడా తల ఊపుతూ మెచ్చుకున్నాడు. జాజ్ వాళ్ళతో వచ్చిన చిక్కే అది. తప్పు చేస్తే కొత్తదనమని నెత్తిన పెట్టుకుంటారు. మావాళ్ళు అలా కాదు. పావడా ఒకటి అని, పీపా ఇంకోటి అంటే ఆ సంగతి ఏడాదిపాటు చెప్పుకుంటారు. పండగరోజు మైదానంలో కూర్చునేది మావాళ్ళే.

సాయంత్రం వాకిట్లో ఇద్దరం పీతలు కడుగుతున్నాం. ఆయన ఎదురుగా వెళ్ళి పీట వేసుకున్నాను, మొహం తిప్పుకునే వీలు లేకుండా.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏంటి?"

"అదే, 'ఏంటి' అనడం ఎప్పట్నుంచి అంటున్నా."

చేతిలో పీతను గంపలో పడేశాడు. చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"కిందటేడు నుంచి. లావు మోతలు ఒంట్లోకొస్తున్నాయి. సన్నవి పోయాయి. మన కోకీ కప్పలున్నాయి చూడు, వానపడితే చెవులు చిల్లులుపడేలా అరిచేవి. అవి అరవడం మానేశాయేంటని నిన్నడుగుదామనుకున్నా. అడిగితే దొరికిపోతానని ఊరుకున్నా."

మా దీవిలో కోకీలు అరవని రాత్రి లేదు. పుట్టిన దగ్గర్నుంచీ వాటి చప్పుడులోనే నిద్రపోయాం. పక్కనే పడుకుని, అంత నిశ్శబ్దంలో ఒక్కడూ ఏడాదిగా పడుకుంటున్నాడా ఈ మనిషి! నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే వెనకే కోపం కూడా వస్తుంది.

"మరి ఎందుకు ఒప్పుకున్నావయ్యా? ఆ పిల్ల ఊదుతుంటే ఏం తెలుస్తోంది నీకు?"

"అద్దం అవతల మనిషి మాట్టాడినట్టుంది. పెదాలాడతన్నాయి, మాట లేదు."

"వెళ్ళి చెప్పెయ్. వినపడట్లేదని చెప్తే తప్పేముంది?"

"చెప్పానే అనుకో. గెనారో వచ్చి భుజం తడతాడు" అన్నాడు.

మాలో పీట కావాలంటే నోటితో అడగరు. వెనకనుంచి వచ్చి భుజం తడతారు. తట్టించుకున్నవాడు మోత తెగకుండా లేచి తప్పుకోవాలి. ఎవారిస్తో భుజం ఇంతవరకూ ఎవరూ తట్టలేదు.

"పండగనాడు వాయిస్తా. పాడైపోయిందంటే వాడు తట్టక్కర్లా, నేనే లేచి పీపా వాడి చేతిలో పెడతా. ఇంకెప్పుడూ దాని జోలికెళ్ళను. అప్పటిదాకా నువ్వు నోరు మెదిపావంటే ఊరుకోను" అన్నాడు. మళ్ళీ పీతల గంప దగ్గరకు లాక్కుంటూ, నన్ను చూడకుండానే అన్నాడు, "నువ్వాడే రోజుల్లో నాకు చెవులతో పనేం ఉండేది."

నేను ఆడడం మానేసి రెండేళ్ళు. మోకాలు గుమ్మడికాయలా వాచిపోయాక, పావడా మడిచి పెట్టెలో పెట్టేశాను. ఆ మాట ఆయన దెప్పిపొడుపుకు అనలేదు. అలా అని ఉంటే బాగుండేది, తిరిగి తిట్టి ఊరుకునేదాన్ని.

తెల్లారగానే యారిత్సా దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల వాళ్ళ పిన్ని వాకిట్లో కాఫీ తాగుతోంది.

"అమ్మాయ్, పీపాకి దండం పెట్టకుండా ఎవరూ దాంతో మాట్టాడకూడదు. నీ బాజాకి నడుమే లేదాయె, ఎట్టా వంగుద్ది? అందుకని దానికి కాళ్ళూ నడుమూ నేనిస్తున్నా. నువ్వు ఊదు, నేనాడతా. మీ తాత నన్ను చూసి వాయిస్తాడు" అన్నాను.

"అమ్మమ్మా, నేనేం ఊదుతానో నాకే ముందు తెలీదు. అప్పటికప్పుడు పుడుతుంది. నువ్వెట్టా ఆడతావ్?"

"నేను మాత్రం వారం ముందు రాసిపెట్టుకుని ఆడతాననుకున్నావా?"

పిల్ల పడీ పడీ నవ్వింది. నవ్వు ఆపి, కాస్త అనుమానంగా చూసింది.

"తాతకేమైనా ఇబ్బందా?"

"ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నాడు" అన్నాను. అబద్ధమాడడం నాకు కొత్తేమీ కాదు.

ఆ పిల్ల పాటను ఫోనులో వేయించుకుని వంటింట్లో తలుపేసుకున్నాను. దేవుడా, ఆ సంగీతంలో అడుగు పెట్టడానికి చోటు లేదు! మెట్టుందనుకున్న చోట గాలి ఉంటుంది. గోడ ఉందనుకున్న చోట కిటికీ ఉంటుంది. పొయ్యి పట్టుకుని, గిన్నెలు దొర్లించుకుంటూ రెండు రోజులు తిప్పలుపడ్డాను. మూడో రోజున, పియానో తగ్గి ఆ పిల్ల ఒక్కతే ఊదే చోట, నా కాలు నేను చెప్పకుండానే లేచింది. ఆ వంకర టింకర సందులన్నిటి కింద మా చెరకుతోటల నడకే ఉంది. ఎందుకుండదు? క్లైడ్ తాతముత్తాతలూ మా తాతముత్తాతలూ ఒకే ఒడ్డున బానిసలుగా ఓడలెక్కినవాళ్ళే. ఒకళ్ళని అటు దింపారు, ఇంకొకళ్ళని ఇటు దింపారు. ఆ ముక్క తట్టగానే ఎంత సంతోషమేసిందో చెప్పలేను, మోకాలు నొప్పి కూడా కాసేపు మర్చిపోయాను.

తలుపు తీసేసరికి ఎవారిస్తో గడపలో నిలబడి ఉన్నాడు. నేలలోంచి నా అడుగులు ఆయనకు తెలిసిపోయినట్టున్నాయి. జవాబు పీపాను తీసుకెళ్ళి తోలు బిగిసేలా ఎండలో పెట్టాడు. మలగెతా ఆకు నానేసిన సారా సీసా తెచ్చి, నా ముందు కూర్చుని మోకాలికి రుద్దాడు. గట్టిగా రుద్దుతున్నాడని తిట్టాను. వినపడనట్టు రుద్దాడు. నిజంగా వినపడలేదేమో కూడా.

పండగరోజు ఎండ మాడ్చేస్తోంది. కొబ్బరి డొక్కలతో చేసిన కొమ్ముల మాస్కులు పెట్టుకుని కుర్రాళ్ళు పిల్లల్ని తరుముతున్నారు, పీత వడల నూనె వాసన మైదానమంతా కమ్మేసింది. ఊరంతా అక్కడే ఉంది. పక్క ఊళ్ళవాళ్ళూ వచ్చారు. గెనారో ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నడక పీపా వాయించడానికి వాడెప్పుడూ ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు.

గంజి పెట్టిన తెల్ల పావడా కట్టుకుని నేను వేదిక ఎక్కగానే జనం ఈలలేశారు.

"మొదెస్తా, ఇంకా బతికే ఉన్నావా!" అని ఎవడో అరిచాడు.

"నీ దినం భోజనం తిన్నాకే పోతా!" అని అరిచాను.

మోత మొదలైంది. నడక పీపాలు, తాళాలు, బాసు, పైన పియానో. పాట మధ్యకొచ్చింది, అందరూ తగ్గారు. నేను వెళ్ళి జవాబు పీపా ముందు వంగి దండం పెట్టాను. ఎవారిస్తో తల వంచి అందుకున్నాడు. మా ఇద్దరి కళ్ళూ కలిశాయి. యారిత్సా సాక్సఫోన్ ఎత్తింది.

ఎత్తి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

వంటింట్లో ఫోను పాట వేసుకుని ఆడడం వేరు. ఆ పాట నాకు తెలిసిపోయిన పాట. ఇక్కడ ఆ పిల్ల అప్పుడే పుట్టించి ఊదుతోంది. నేను విని, అర్థం చేసుకుని, పావడా విసిరేసరికి అది ఇంకో వీధిలోకి వెళ్ళిపోతోంది. నేను ఆలస్యం. ఎవారిస్తో నన్ను అంగుళం కూడా వదలకుండా వాయిస్తున్నాడు, కాబట్టి ఆయనా ఆలస్యం. సాక్సఫోన్ వెనక నేను, నా వెనక ఆయన, బస్సు వెనక పరిగెత్తే ముసలాళ్ళలా ఉన్నాం. ముందు వరసలో జనం మొహాలు చూసుకున్నారు. "ఎవారిస్తో పని అయిపోయింది పాపం" అని ఒక ఆడమనిషి పక్కావిడతో అనడం నాకు వినపడింది. ఆయనకు వినపడకపోవడం ఆ ఒక్క క్షణానికి మంచిదే అనిపించింది.

గెనారో తన పీపా పక్కవాడికి అప్పగించి లేచాడు. ఎవారిస్తో వెనకకు వచ్చి నిలబడ్డాడు. వాడి నీడ పీపా తోలు మీద పడింది. ఎవారిస్తో ఆ నీడను చూశాడు, నన్ను చూశాడు. ఇంక చాల్లే, ఇచ్చేస్తా అన్నట్టున్నాయి ఆ కళ్ళు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గెనారో మీద కాదు, ఎవారిస్తో మీద కాదు. నా మీద. ఇంత వయసొచ్చి, పీపా ముందు నిలబడి, నేనెవరి వెనకో పరిగెత్తడమేమిటి? ఈ ఊళ్ళో పావడా ఎప్పుడు ఒకరి వెంట నడిచింది?

ఆగిపోయాను. పావడా అంచు చేతిలోంచి వదిలేశాను. ఆడే మనిషి ఆగితే జవాబు పీపా ఆగాలి, ఎవారిస్తో చేతులు గాల్లో నిలిచిపోయాయి. కింద నడక పీపాలు మాత్రం మోగుతున్నాయి. సాక్సఫోన్ ఒక్కటే కాసేపు ఒంటరిగా ఊగి, పక్కన ఎవరూ లేరని తెలుసుకుని, తడబడి ఆగింది. ఆ పిల్ల కళ్ళు తెరిచింది.

గబగబా ఆమె ఎదురుగా వెళ్ళాను.

"నన్ను చూసి ఊదవే!" అన్నాను.

అది కాస్తా మైకులో పడింది. మైదానమంతా గొల్లుమంది. నేను వెనక్కి తగ్గి పీపాకూ ఆ పిల్లకూ మధ్య నిలబడి, ఇద్దరికీ కనపడేలా పక్కకు తిరిగి పావడా అంచు ఎత్తాను. ఆ పిల్ల కళ్ళు నా భుజం మీద నిలిచాయి. ఎంత బ్రాంక్సులో పెరిగినా వాళ్ళ అమ్మమ్మ మా వీధి ఆడదే కదా.

కుడివైపు విసిరాను. పీపా, సాక్సఫోన్ ఒక్కసారే పలికాయి. మధ్యలో వెంట్రుక పట్టే సందు లేదు.

ఎడమవైపు విసిరాను. మళ్ళీ ఒక్కసారే. భుజం ఎగరేశాను, మడమ దించాను, రెండు చేతులతో అంచు పట్టుకుని గిర్రున తిప్పాను. అటు తోలు, ఇటు ఇత్తడి, రెండూ నా ఒంట్లోంచే వస్తున్నట్టుంది. ఒకదాన్నొకటి వినక్కర్లేదు వాటికి, రెండూ నన్నే చూస్తున్నాయి. పియానో దగ్గర క్లైడ్ బల్ల మీంచి లేచి నిలబడిపోయి వాయిస్తున్నాడు, టోపీ ఎక్కడో పడిపోయింది. నా మోకాలు ఉందో లేదో నాకు తెలియదు. నేను నవ్వుతున్నాను, ఎవారిస్తో నవ్వుతున్నాడు, పెళ్ళినాడు కూడా ఆయన అంత పళ్ళు బయటపెట్టి నవ్వలేదు.

అప్పుడు బుద్ధి ఊరుకోక పాత టక్కరి పని చేశాను. అంచు ఎత్తి, ఊరించి, విసరలేదు. పీపా మౌనంగా ఉంది. సాక్సఫోన్ 'పాఁ' అని ఒక్కటే కేక పెట్టి నవ్వులపాలైంది! జనం కేరింతలు కొట్టారు. ఆ పిల్ల గొట్టంలోకే నవ్వింది, ఆ నవ్వు కూడా బయటికి కూతలా వచ్చింది. రెండోసారి ఊరించాను, ఈసారి పడలేదు. మూడోసారి ఊరించకుండా విసిరాను, ఇద్దరూ పట్టేశారు. ముందు వరసలో ఇందాకటి ఆడమనిషి కుర్చీ ఎక్కి అరుస్తోంది.

గెనారో ఇంకా ఎవారిస్తో వెనకే నిలబడి ఉన్నాడు. తట్టడానికి ఎత్తిన చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. జేబులోంచి రుమాలు తీశాడు. ఎవారిస్తో మోత ఆపక్కర్లేకుండా, వెనకనుంచే ఆయన నుదుటి చెమట తుడిచాడు. తుడిచి వెళ్ళి తన నడక పీపా దగ్గర కూర్చున్నాడు.

చివరి విసురు విసిరి నేను మళ్ళీ వంగి దండం పెట్టాను. పీపా, సాక్సఫోన్, పియానో అన్నీ ఒకే దెబ్బతో ఆగాయి. ఆ తరవాత లేచిన గోలకు చర్చి గంట మీది పావురాలన్నీ ఎగిరిపోయాయి. యారిత్సా వచ్చి నన్ను కావిలించుకుంది. చెమటా కన్నీళ్ళూ కలిసిపోయాయి, ఎవరివెవరివో తెలియలేదు.

ఎవారిస్తో పీట మీంచి లేచాడు. చెవిటివాళ్ళకు గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, మైకు అక్కర్లేకుండా మైదానం చివరికంటా వినపడేలా అడిగాడు.

"ఏమే, ఆ పిల్ల బాగా ఊదిందా? నాకొక్క ముక్క వినపళ్ళా!"

ఈలలు ఆగిపోయాయి. నేను నెత్తి కొట్టుకున్నాను. నోరు మెదపొద్దని నన్ను బెదిరించిన పెద్దమనిషి!

"ఏంటి బావా నువ్వనేది?" అన్నాడు గెనారో.

"చెవులు పోయాయిరా. కిందటేడే పోయాయి. మీ అందరికీ ఎట్టా చెప్పాలా అని ఏడ్చి చచ్చా. ఇప్పుడు చెప్పేశా, పీడా పోయింది. మోసం చేశాననుకుంటే రా, పీట తీసుకో" అన్నాడు ఎవారిస్తో. పీపా మీంచి చేతులు తీసి వెనక్కి జరిగాడు.

ఎవరేం చెప్పి మాత్రం ఏం లాభం, ఆ మనిషికి వినపడదు. ఆ సంగతి అందరికంటే ముందు యారిత్సాకు తట్టింది. సాక్సఫోన్‌ను పియానో మీద పెట్టింది. ఆ పిల్ల వేసుకున్నది పంట్లాము, పావడా కూడా కాదు. ఆ పంట్లామునే రెండు పక్కలా వేళ్ళతో పట్టుకుని లాగి, జవాబు పీపా ముందుకొచ్చి వంగి దండం పెట్టింది.

ఎవారిస్తో పీట ముందుకు లాక్కున్నాడు. కూర్చున్నాడు.

ఆ పిల్లకు ఆడడం బొత్తిగా రాదు. నేను పియానో బల్ల మీద కూలబడి, కాలు చాపుకుని, "భుజమే, భుజం! కోడిపిల్లలా ఆ గెంతులేంటే!" అని అరుస్తున్నాను. అది తడబడితే పీపా తడబడింది, తూలబోయి నిలదొక్కుకుంటే పీపా కూడా నిలదొక్కుకుంది. ఆ పిల్ల తప్పుకోగానే క్లైడ్ వచ్చి తన పొడుగు నడుం రెండుగా మడిచి దండం పెట్టాడు. ఆయన వెనక వరస కట్టారు జనం.

అందరూ అయ్యాక గెనారో లేచాడు. పీపాలు మోగించడమే తప్ప వాటి ముందుకొచ్చి ఆడడం వాడి జన్మలో లేదు. ఇస్త్రీ చొక్కా అంచు రెండు చేతులతో పావడాలా పట్టుకుని, మా ఆయన పీపాకు నిండుగా వంగి దండం పెట్టి ఆడాడు. గెనారో అడుగులు ఎంత అడ్డదిడ్డంగా ఉంటాయో ఊరందరికీ ఆ రోజే తెలిసింది, ఎందుకంటే ఎవారిస్తో వాటిలో ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు.